రెండో కాపీ అనుకున్నా

"నీ డబ్బా ఏదో టక్‌టక్‌మంటోంది, చూడు" అని మా ఆవిడ మొదటిసారి చెప్పింది ఆదివారం. రెండోసారి బుధవారం. మూడోసారి చెప్పలేదు, అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టింది.

డబ్బా అంటే మా ఇంటి సర్వర్. నిజాంపేటలో మా ఫ్లాట్‌లో టీవీ కింద ఉంటుంది. పేరుకే సర్వర్. నిజానికి ఒకప్పుడు విజయవాడలో మా నాన్న ఫొటో స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసిన పాత డెస్క్‌టాప్ అది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నప్పుడు, ఖాళీగా పడి ఉందని దాంట్లో మూడు 2 టీబీ హార్డ్‌డిస్కులు పెట్టి, లినక్స్ ఎక్కించా. ఇంట్లో ఎవరి ఫోన్ నుంచైనా, టీవీ నుంచైనా దాంట్లోవి చూసుకోవచ్చు. 2022లో ఆఫీసు వాళ్ళు హైదరాబాద్ రమ్మన్నప్పుడు దాన్ని దుప్పట్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకుని తెచ్చుకున్నా. సీటు బెల్టు కూడా పెట్టా, నవ్వకండి.

ఆ రాత్రి లాగిన్ అయి ఒక కమాండ్ కొట్టా. మూడు డిస్కులూ బాగుంటే అక్కడ మూడు 'యు'లు వరసగా కనిపిస్తాయి. మధ్యలో ఉండాల్సిన యు లేదు. దాని చోట చిన్న గీత. పాలపన్ను ఊడిన పిల్లాడి నవ్వులా ఉంది, నాకు మాత్రం నవ్వు రాలేదు.

తర్వాత మెయిల్ వెతికితే తెలిసింది, సర్వర్ నాకు 12 రోజులుగా చెబుతూనే ఉంది. హార్డ్‌డిస్కులు తమ ఆరోగ్యం లెక్కలు తామే రాసుకుంటాయి. వాటిలో 'పెండింగ్ సెక్టార్లు' అని ఒకటి ఉంటుంది. అంటే డిస్కు చదవలేకపోతున్న, అలాగని ఇంకా పూర్తిగా వదులుకోని గళ్ళు. మొదటి మెయిల్‌లో 8. నాలుగు రోజులకి 56. ఆ తర్వాత 300 దాటింది. ఇవన్నీ నాకెందుకు కనబడలేదంటే, ఆఫీసు మెయిల్స్ మధ్యలో చిరాకు పెడుతున్నాయని నేనే ఒక ఫిల్టర్ పెట్టి వేరే ఫోల్డర్‌లోకి పంపేశా. ఆఫీసు సర్వర్ ఇలా మూలిగితే ఐదు నిమిషాల్లో కాల్‌లో ఉంటా. సొంతదానికి ఫిల్టర్!

అయినా ఆ రాత్రి మరీ కంగారు పడలేదు. ఎందుకంటే అది రెయిడ్ 5. ఒక డిస్కు పోయినా డేటా పోదు. ఎలాగంటే, ఒక కాగితం మీద 7, ఇంకో కాగితం మీద 5, మూడో కాగితం మీద వాటి మొత్తం 12 రాశారనుకోండి. 5 రాసిన కాగితం చిరిగిపోయినా, 12లోంచి 7 తీసేసి మళ్ళీ రాసుకోవచ్చు. కంప్యూటర్ చేసేది సరిగ్గా కూడిక కాదు గానీ సూత్రం ఇదే. ఇంజినీరింగ్‌లో చదివిందే, పరీక్షలో రాసిందే. కొత్త డిస్కు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసి, అది రాగానే రీబిల్డ్ కొడదామని పడుకున్నా.

మర్నాడు ఆఫీసులో టీ దగ్గర మా సీనియర్ ఒకాయనకి చెప్పా, కొంచెం గొప్పగానే. ఆయన పదేళ్ళు స్టోరేజీ టీముల్లో పనిచేసినాయన. మొత్తం విని ఒక్కటే అడిగాడు.

"తమ్ముడూ, మిగిలిన రెండు డిస్కులు ఎప్పుడు కొన్నవి?"

"మూడూ ఒకేసారి అన్నా. ఒకే షాపులో."

"ఐదేళ్ళు ఆపకుండా తిరిగాయి, మూడూ కలిసే. ఒకటి పోయింది. ఇప్పుడు రీబిల్డ్ అంటే ఆ మిగిలిన రెండిట్నీ మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఐదారు గంటలు గుక్క తిప్పుకోకుండా చదివిస్తావ్. వాటిలో ఒకటి నోరు తెరిస్తే?" టీ కప్పు కింద పెట్టి, "దాంట్లో ఉన్నవాటికి ఇంకో కాపీ ఉందిగా?" అన్నాడు.

"ఒరిజినల్స్ మా నాన్న దగ్గర..." అని మొదలుపెట్టి ఆగిపోయా.

లేవు. ఒరిజినల్స్ లేవు. పోయి ఏడాది అయింది.

ఆ ఒరిజినల్స్ నాన్న తీసిన నెగటివ్‌లు. నాన్నది సింగ్‌నగర్‌లో స్టూడియో. ఫిల్మ్ రోజుల నుంచి ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు, స్కూల్ గ్రూప్ ఫొటోలు. ప్రింట్లు ఇచ్చేశాక నెగటివ్‌లు పారేసే స్టూడియోలు బోలెడు. నాన్న మాత్రం బటర్ పేపర్ కవర్లలో పెట్టి, రోల్ నంబరు వేసి, ఇనప బీరువాలో దాచేవాడు. ఎవరైనా పదేళ్ళ తర్వాత వచ్చి "బాబాయ్, మా అమ్మ ఫొటో ఒకటి పెద్దది చేసివ్వు" అంటే, రిజిస్టర్ చూసి తీసిచ్చేవాడు. లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు లేవు, స్టూడియోకి తాళం. నాన్న ఊరికే కూర్చోలేక గోడల వంక చూస్తుంటే, ఒక సెకండ్ హ్యాండ్ స్కానర్ కొని, ఇద్దరం కలిసి నెగటివ్‌లు స్కాన్ చేయడం మొదలెట్టాం. ఆయన దుమ్ము తుడిచి పెట్టేవాడు, నేను ఫైలు పేరు కొట్టేవాణ్ణి. ఏడాదిన్నర పట్టింది. 11 వేల పైచిలుకు ఫ్రేములు. ఒక్కో ఫైలు దాదాపు 80 ఎంబీ, కొన్ని ఇంకా పెద్దవి. మొత్తం 1.1 టీబీ.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. అమ్మానాన్నా మేడ మీదున్నారు కాబట్టి బయటపడ్డారు. కింద స్టూడియో మునిగింది. నీళ్ళు తీసి, బీరువా తెరవడానికే రోజులు పట్టింది. ఫిల్మ్ మీద బొమ్మ ఉండేది జిలెటిన్ పొరలో. బురదనీళ్ళలో రోజుల తరబడి నానితే అది ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుపోతుంది. బీరువాలోంచి వచ్చినవి నెగటివ్‌లు కావు, ముద్దలు. నాన్న వాటిని రెండు గోతాల్లోకి ఎత్తి రోడ్డు మీద పెట్టాడు. ఆ వీధి పొడుగునా అందరి పరుపులూ, పుస్తకాలూ, ఫ్రిజ్‌లూ అలాగే ఉన్నాయి.

అప్పుడు నేను చాలా గర్వపడ్డా. స్కాన్‌లు హైదరాబాద్‌లో నా డబ్బాలో భద్రంగా ఉన్నాయి కదా. చుట్టాల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టా. ఆ తర్వాత కొన్ని వారాలకి నాన్నకి ఫోన్లు మొదలయ్యాయి. ఆ కాలనీల్లో వరదకి పెళ్ళి ఆల్బమ్‌లు పోయిన ఇళ్ళు ఎన్నో. "అన్నా, మా పెళ్ళి ఫొటోలేమైనా మిగిలాయా?" అని. నాన్న రోల్ నంబర్లు చాలావరకు నోటికి చెబుతాడు. నేను ఇక్కణ్ణించి ఫైలు పంపుతా, ఆయన అక్కడ ప్రింట్ తీయించి ఇస్తాడు. అలా ఎన్నో ఇళ్ళకి ఇచ్చాడు.

ఇంతా చేసి, ఒక్క విషయం నా బుర్రకి తట్టలేదు. నెగటివ్‌లు ఉన్నంతకాలం నా దగ్గరున్నది రెండో కాపీ. అవి గోతాల్లోకి వెళ్ళిన రోజే నాది మొదటిదీ, ఆఖరుదీ అయిపోయింది. సర్వర్‌లో ఏమీ మారలేదు, అవే మూడు 'యు'లు, అదే పచ్చ లైటు. మారింది విజయవాడలో. ఏడాదిపాటు నేను దాన్ని బ్యాకప్ అనే పిలుచుకుంటూ తిరిగా.

సీనియర్‌కి ఏం చెప్పానో గుర్తులేదు. ఆయన మాత్రం "రీబిల్డ్ మర్చిపో. ముందు కాపీ తియ్. ఇంటికెళ్ళు" అన్నాడు.

దార్లో ఒక 5 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్కు కొనుక్కుని ఇంటికెళ్ళా. సర్వర్‌లోకి ఇంకేమీ రాయకుండా చదవడానికి మాత్రమే ఉండేలా మార్చి, కాపీ మొదలుపెట్టా. ముందు నెగటివ్‌ల ఫోల్డర్. తర్వాత ఇంటి ఫొటోలు, సర్టిఫికెట్లు. అప్పుడు చూస్తే మిగతా జాగాలో సగానికి పైగా సినిమాలు, సిరీస్‌లు. చూద్దామని దాచినవి, చూడనివి. వాటిని అలాగే వదిలేశా.

సెకనుకి 100 ఎంబీ చొప్పున పోతోంది. ఆ లెక్కన మూడు గంటలు. గంటన్నర దాకా బాగానే ఉంది. 1997 ఫోల్డర్‌లోకి వెళ్ళాక వేగం పడిపోయింది. 40. 6. సున్నా. ఇంకో డిస్కులోంచి అదే టక్‌టక్. చేతులు కీబోర్డ్ మీంచి తీసేశా, ముట్టుకుంటే పడిపోతుందేమో అన్నట్టు. దాదాపు రెండు నిమిషాల తర్వాత ఒక ఫైలు చదవలేకపోయానని రాసి, కాపీ మళ్ళీ కదిలింది. అలా ఇంకో రెండుసార్లు. తెల్లారుజామున పూర్తయ్యేసరికి లెక్క ఇదీ: 11 వేల పైచిలుకు ఫైళ్ళలో మూడు రాలేదు.

మూడే కదా అంటారా? నేనూ అనుకున్నా. రీబిల్డ్ కొట్టి ఉంటే సరిగ్గా ఆ చోట్లలోనే అది తడబడేది, ఆ తర్వాత ఏమయ్యేదో ఊహించుకుని మూడు చాలా తక్కువ అని సంతోషించా కూడా. పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి, "రోల్ 212లో మూడు ఫ్రేములు పోయాయి నాన్నా" అని చెప్పా.

అవతల కాసేపు మాట లేదు.

"212 అంటే పాయకాపురం పెళ్ళి రా. ఆ అమ్మాయి పోయిన నెల్లోనే అడిగింది. వాళ్ళ నాన్న అల్లుడి కాళ్ళు కడుగుతున్న ఫొటో కావాలంది. ఆయన పోయి నాలుగేళ్ళయిందట, వరదలో ఆల్బమ్ పోయింది. శ్రావణంలో వస్తా, తీసిపెట్టు బాబాయ్ అంది. ఆ ఫ్రేమే ఏమో చూడు."

అదే ఫ్రేము.

ఇక్కడ కొంచెం సాంకేతికం, ఓపిక పట్టండి. మామూలుగా కాపీ చేస్తే, ఫైల్లో ఒక్క గడి చదవలేకపోయినా మొత్తం ఫైలు ఇవ్వదు. డీడీరెస్క్యూ అని ఒక ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది మొండిది. చదవగలిగినదంతా ముందు తీసేసుకుంటుంది, చదవలేని చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళి ప్రయత్నిస్తుంది, అప్పటికీ రాకపోతే అక్కడ ఖాళీ వదిలి మిగతాది ఇచ్చేస్తుంది. మా అదృష్టమేంటంటే, ఫైళ్ళు కుదించకుండా దాచిన టిఫ్‌లు. జేపెగ్ అయితే మధ్యలో చిన్న ముక్క పోయినా దాని కింద బొమ్మంతా చెదిరిపోవచ్చు. టిఫ్‌లో పోయినంత మేరే పోతుంది. పోయిన ఒక్కో గడి 4 కేబీ, అంటే ఫొటోలో ఏడొందల చుక్కల కన్నా తక్కువ పొడుగున్న, ఒక చుక్క మందాన ఒక నల్ల గీత.

రెండు గంటలకి మూడు ఫైళ్ళూ వచ్చాయి. తెరిచి చూశా. ఒకదాంట్లో గీతలు పందిరి ఆకుల్లో కలిసిపోయాయి. రెండోది పట్టుచీర అంచు మీద. మూడోదాంట్లో ఇత్తడి పళ్ళెం మీద నాలుగు, ఆయన చేతుల మీద అడ్డంగా మూడు. ముఖం బాగానే ఉంది. నాన్నకి పంపా.

"ఓస్, గీతలేనా? నెగటివ్ మీద గీత పడితే బ్రష్షుతో రీటచింగ్ చేసేవాళ్ళం. పంపించావుగా, నేను చూసుకుంటా" అన్నాడు.

ఇక కొత్త డిస్కుల కథ. నేను ఆర్డర్ పెట్టిన డిస్కు రెండ్రోజులకి వచ్చింది. పల్చటి కవర్లో, బిస్కెట్ ప్యాకెట్ వచ్చినట్టు. పెట్టి చూస్తే, అది అప్పటికే 19,400 గంటలు తిరిగిందని దాని లెక్కే చెప్పింది. రెండేళ్ళ పైమాటే. కొత్తది అని అమ్మారు! తిప్పి పంపా, డబ్బులు రావడానికి ఇంకో గొడవ, అది వదిలేయండి. మీరెవరైనా హార్డ్‌డిస్కు కొంటే పెట్టిన వెంటనే ఆ గంటల లెక్క చూసుకోండి, రెండు నిమిషాల పని.

ఆ శనివారం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్ళా. పోయిన డిస్కు ఒక్కటే మార్చడమా, మొత్తం మార్చడమా అని మెట్రోలో కూర్చుని లెక్కలేసుకున్నా. పాత డిస్కుల్లో ఒకటి పోయింది, రెండోది మొదలైంది, మూడోది వాళ్ళ తోబుట్టువే. మూడూ వద్దనుకున్నా. రెయిడ్ 5 కూడా వద్దు. రెండు 8 టీబీ డిస్కులు, ఒకదానికి ఇంకోటి అద్దం. దేన్ని పీకి వేరే కంప్యూటర్‌కి తగిలించినా మొత్తం డేటా దాంట్లోనే ఉంటుంది, కూడికలూ తీసివేతలూ అక్కర్లేదు. డబ్బుకి జాగా తక్కువే వస్తుంది. కానీ ఆ రాత్రి తర్వాత నాకు తెలివైన పద్ధతుల కన్నా తేలిగ్గా అర్థమయ్యే పద్ధతి నచ్చింది.

మొదటి షాపులో చవకగా ఒకటి చూపించారు. మోడల్ నంబరు ఫోన్‌లో కొట్టి చూస్తే ఎస్ఎంఆర్ రకం. పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కినట్టు, వీటిలో రాతల వరసలు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. జాగా కలిసొస్తుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవీ కదపాలి. సినిమాలు దాచుకోవడానికి పర్లేదు, సర్వర్‌లో రీబిల్డ్ వచ్చిందంటే నత్తనడక. సీఎంఆర్ రకం అడిగి తీసుకున్నా. రెండో డిస్కు కావాలనే వారం ఆగి వేరే షాపులో కొన్నా, ఒకే బ్యాచ్‌వి కాకుండా. రెండూ కలిపి 40 వేలు దాటింది. మా ఆవిడ బిల్లు చూసి, "దీనికన్నా ఫొటోలన్నీ ప్రింట్ తీయిస్తే చవకేమో" అంది. తర్వాత తనే కాలిక్యులేటర్ తీసి 11 వేల ప్రింట్లకి లెక్కేసి, ఫోన్ పక్కన పెట్టేసింది.

కొత్తవాటిని వెంటనే నమ్మలేదు. ఒక్కోదానికీ మొత్తం చదివించే పరీక్ష పెట్టా, పొద్దున మొదలైతే అర్ధరాత్రి దాకా పట్టింది. రెండూ పాసయ్యాక జత చేసి, పోర్టబుల్ డిస్కు నుంచి అంతా ఎక్కించా. 8 టీబీ పెడితే కంప్యూటర్ 7.27 అని చూపించింది. ఫోన్‌లో ఆ మాట చెబితే నాన్న, "తూకంలో కూడా మోసమేనా" అన్నాడు. మోసం కాదు, కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, కంప్యూటర్ 1024 చొప్పున లెక్కేస్తుంది అని వివరించబోయా. "ఏదైనా తక్కువే వచ్చిందిగా" అన్నాడు. కాదనలేకపోయా.

మరి క్లౌడ్‌లో పెట్టొచ్చుగా అని ఈపాటికి అనుకునే ఉంటారు. పెట్టొచ్చు. నెలనెలా అద్దె కట్టడం ఇష్టం లేక ఇన్నాళ్ళు మొండికేశా. ఇప్పుడు ఆ నెగటివ్‌ల ఫోల్డర్ ఒక్కటీ తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతున్నా. రాత్రిళ్ళు మెల్లగా ఎక్కుతోంది.

స్టోరేజీ వాళ్ళు 3-2-1 అని ఒక నియమం చెబుతారు. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరవతల. దాన్ని ప్రచారంలోకి తెచ్చింది కంప్యూటర్ ఇంజినీరు కాదు, పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. ఈ సంగతి చెబితే నాన్న ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "ఫిల్మ్ పోగొట్టుకున్నవాడికే తెలుస్తుంది" అన్నాడు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు, మెల్లగా. "నువ్వు ఆ డబ్బా హైదరాబాద్ పట్టుకెళ్తానంటే నేనే వద్దన్నా గుర్తుందా? ఇక్కడే ఉంచరా, దగ్గరుంటే ధైర్యం అని." గుర్తుంది. ఉంచి ఉంటే అది కూడా స్టూడియోలోనే, బీరువా పక్కనే ఉండేది.

శ్రావణంలో ఇంటికెళ్ళినప్పుడు పోర్టబుల్ డిస్కు నాన్నకిచ్చా. ఇంకోటి కొన్నా. ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ. వెళ్ళినప్పుడల్లా తాజా కాపీ తీసుకెళ్ళి, పాతది తెచ్చుకోవడం. నాన్న దాన్ని పాత కెమెరా బ్యాగ్‌లోని సిలికా జెల్ ప్యాకెట్లతో సహా ఒక స్టీలు డబ్బాలో పెట్టి, మూత మీద తెల్ల ప్లాస్టర్ అంటించి, తన గుండ్రటి చేతిరాతతో తేదీ వేశాడు. కింద స్టూడియోలో కాదు, మేడ మీద, బట్టల బీరువా పై అరలో.

పాయకాపురం ఆవిడ నేను తిరిగొచ్చేసిన తర్వాత వచ్చిందట. ఆ రాత్రి ఫోన్‌లో అడిగా, చేతుల మీద గీతలు కనబడ్డాయా అని.

"రెండ్రోజులు కూర్చున్నా రా. పళ్ళెం తేలికే. చేతులకి పక్క ఫ్రేములో ఆయన చేతులు చూసి కలిపా."

"మరి ఆవిడకి చెప్పావా?"

"ఆవిడ చేతులు చూడలేదు. వాళ్ళ నాన్న మొహమే చూసుకుంటూ కూర్చుంది. లామినేషన్‌కి 60 తీసుకున్నా, ఫొటోకి వద్దన్నా." తర్వాత గొంతు మార్చి, "దసరాకి వస్తున్నారుగా? ఆ రెండో డిస్కు మర్చిపోకుండా తే" అన్నాడు.